పేరంటానికి పిలవని పిల్ల

'పాపం' అన్న మాట మన ఆడవాళ్ళ నోటికి ఎంత సులువుగా వస్తుందో! డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్ల వీధిలో కనబడితే చాలు, 'పాపం, ఆ తల్లికెంత కష్టం!' అనేసి లోపలికి వెళ్ళిపోతాం. పేరంటానికి తల్లిని పిలుస్తాం. పిల్లని మాత్రం 'ఎందుకులెండి, ఇబ్బంది పడుతుంది' అని ఇంట్లో వదిలి రమ్మంటాం. ఇబ్బంది ఎవరికండీ, ఆ పిల్లకా, మనకా?

ఇది పూర్వజన్మ కర్మా కాదు, గ్రహణం పట్టిందీ కాదు. 1866లో లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ లక్షణాలు రాసిపెట్టాడు. 1959లో ఫ్రాన్సులో లెజ్యూన్, ఆయన తోటివాళ్ళూ కారణం చెప్పారు. మామూలుగా 46 ఉండే క్రోమోజోములు వీళ్ళలో 47 ఉంటాయి. ఇరవై ఒకటో జతలో ఒకటి ఎక్కువ, అంతే. అంటుకునే జబ్బు కానే కాదు. మన నడత చూస్తే మాత్రం అంటుకుంటుందేమో అనిపిస్తుంది!

అసలు గుబులు పుట్టించే సంగతి వేరే ఉంది. అమెరికాలో 1983 ప్రాంతంలో వీళ్ళ సగటు ఆయుర్దాయం 25 ఏళ్ళు. గుండె ఆపరేషన్లూ మంచి వైద్యమూ వచ్చాక ఇప్పుడది 60 దాకా పెరిగింది. సంతోషమే. కాని అమ్మా నాన్నా దాటిపోయాక మిగిలిన ఏళ్ళు ఎవరితో గడవాలి? పొలం ఎవరి పేర రాయాలా అని ఇంటిల్లిపాదీ తల బద్దలు కొట్టుకుంటారు. సాయంత్రంపూట 'ఏమే, ఏం చేస్తున్నావ్?' అంటూ గుమ్మంలోకి వచ్చే మనిషి సంగతి ఒక్కరికీ తోచదు.

మా అడ్డతీగల లాంటి మన్యపు ఊళ్ళలో ఈ ఒంటరితనం మరీ తొందరగా ముంచుకొస్తుంది. బడి ఉన్నన్నాళ్ళు ఎలాగో గడుస్తుంది. తరవాత తోటిపిల్లలు చదువులకని కాకినాడో రాజమండ్రో వెళ్ళిపోతారు, లేదా అత్తవారిళ్ళకి. ఈ పిల్ల అరుగుమీద మిగిలిపోతుంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం బళ్ళో చోటిమ్మంది, ఉద్యోగాల్లో వాటా ఇమ్మంది. 'దీనితో నేస్తం కట్టు' అని ఏ చట్టమూ చెప్పలేదు. చెప్పలేదు కూడా. ఆ పని మనదే.

పుట్టినరోజుకి పాతికమందిని పోగేసి కేకు కోయిస్తే స్నేహం అయిపోదు. వారానికోసారి, అదే రోజు, అదే వేళకి, ఒకరో ఇద్దరో వస్తే చాలు. చేతికి ఏదో పని ఉండాలి. మా ఊరి పేరులోనే అడ్డతీగ ఉంది. ఆ ఆకులతో విస్తళ్ళు కుడుతూ కూర్చుంటే కబుర్లు వాటంతటవే వస్తాయి. కలిసి సంతకి వెళ్ళనివ్వండి, కొండచీపురు బేరమాడనివ్వండి. వీళ్ళలో చాలామందికి నోటితో చెప్పగలిగేదానికంటె అర్థమయ్యేది ఎక్కువ. జవాబు కోసం కాస్త ఆగే ఓపిక ఎదటివాళ్ళకి ఉండాలి.

ఆ పిల్లల తల్లులకీ ఒక మాట. పిల్లని అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పకండి. వచ్చిన నేస్తానికి మంచినీళ్ళు దాన్నే ఇవ్వనివ్వండి. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యితో స్నేహం నిలవదు. పోట్లాడుకున్నా వెంటనే అడ్డం వెళ్ళకండి. ఎవరు ఎంతవరకు ముట్టుకోవచ్చో, వద్దని ఎప్పుడు అనాలో మాత్రం ముందే నేర్పండి. నేస్తం పెళ్ళయి వెళ్ళిపోతే ఫోను చేయించండి. వెనకే ఇంకొకరిని వెతకండి.

'మా అమ్మాయి చదువు పాడవదూ?' అంటారు కొందరు. వారానికి ఒక్క గంటకే పాడయ్యే చదువు ఎందుకండీ? 'రేపు సంబంధాలకి అడ్డం వస్తుందేమో' అని గుసగుసలాడేవాళ్ళూ ఉన్నారు. స్నేహం చేసినందుకు వద్దనే సంబంధం ముందే తప్పిపోవడం ఆ పిల్ల అదృష్టం!

వచ్చే అట్లతద్దికి మీ అమ్మాయి తెల్లవారుజామునే లేచి ఆటలకి వెళ్ళేటప్పుడు, ఆ ఇంటి తలుపు కూడా తట్టమనండి. ఉయ్యాల మీద పక్కన కూర్చోబెట్టుకోమనండి. పై వారం మళ్ళీ తట్టమనండి. అట్లతద్ది ఏడాదికోసారి వస్తే చాలు గాని, నేస్తం ఏడాదికోసారి వస్తే చాలదు.