క్రియాటిన్ డబ్బా కొనే ముందు కంచం చూసుకోండి

ఈసారి జీవామృతం గురించి కాదు, పల్లి పంట గురించి కూడా కాదు. కొన్ని నెలలుగా మా వీడియోల కింద, అచ్చంపేటలో ఎదురుపడినప్పుడు కూడా కుర్రోళ్లు ఒకటే అడుగుతున్నారు. "అన్నా, క్రియాటిన్ వాడొచ్చా? అది కెమికలా?" అడిగేటోళ్లలో ఎక్కువ మంది రైతుల పిల్లలే. తెల్లారక ముందే గ్రౌండ్‌లో పరుగు, పగలు కానిస్టేబుల్ పరీక్ష పుస్తకాలు, సాయంత్రం జిమ్ము. ఇంకోపక్క వాళ్ల తల్లిదండ్రులు అడుగుతారు: "మావోడు ఏదో తెల్ల పొడి నీళ్లలో కలుపుకొని తాగుతున్నడు, అది స్టెరాయిడా?"

ప్రకృతి వ్యవసాయం చేసేటోళ్లం కాబట్టి "పొడి అంటేనే విషం, ముట్టొద్దు" అని చెప్పేస్తే చప్పట్లు కొడతారు. కానీ అది నిజం కాదు. జిమ్ముల్లో కొందరు చెప్పినట్టు "ఇది లేకుంటే కండ రాదు" అన్నదీ నిజం కాదు. నా అభిప్రాయం ముందే చెప్తున్నా. క్రియాటిన్ విషం కాదు, స్టెరాయిడ్ కాదు. కానీ అది చివరి మెట్టు. మొదటి మూడు మెట్లు తిండి, సాధన, నిద్ర. అవి ఎక్కకుండా చివరి మెట్టు మీద డబ్బు పెట్టడం మన ఇంట్లో పిల్లలకు నష్టం.

ఇంతకీ అది ఏంది?

క్రియాటిన్‌ను 1832లో షెవ్రల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మాంసంలో కనుక్కున్నాడు. గ్రీకులో మాంసాన్ని క్రెయాస్ అంటారు, పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇది మన ఒంట్లో కూడా తయారవుతుంది. గ్లైసిన్, ఆర్జినిన్, మెథియోనిన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో మన కిడ్నీలు, కాలేయం కలిసి రోజుకు సుమారు 1 గ్రాము తయారు చేస్తాయి. మాంసం, చేపలు తినేవాళ్లకు తిండి నుంచి ఇంకో గ్రాము దాకా అందుతుంది. ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో 95 శాతం కండల్లోనే ఉంటుంది.

దాని పని ఏందంటే, బరువు ఎత్తినప్పుడు, దుమికినప్పుడు కండకు ఏటీపీ అనే ఇంధనం కావాలి. గట్టిగా బలం పెడితే అది కొన్ని సెకన్లలోనే ఖర్చవుతుంది. కండలో దాచిపెట్టుకున్న క్రియాటిన్ దాన్ని వెంటనే మళ్లీ నింపుతుంది. ఆ నిల్వ కూడా పూర్తి బలంతో చేసే పనికి 10 సెకన్ల చుట్టుపక్కలే సరిపోతుంది. పొడి తాగితే ఈ నిల్వ కొంచెం పెరుగుతుంది. దాంతో 8 సార్లు ఎత్తేటోడు 9 సార్లో 10 సార్లో ఎత్తగలుగుతాడు. ఆ అదనపు పని నెలల తరబడి చేస్తే, దానికి తగ్గ తిండి తింటే, అప్పుడు కండ పెరుగుతుంది.

అంటే క్రియాటిన్ కండకు ముడిసరుకు కాదు, పనికి ఊతం మాత్రమే. మనోళ్లకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, జీవామృతం పంటకు తిండి కాదు, పాలలో తోడు వేసినట్టు నేలలో పని మొదలుపెట్టించేది అని చెప్పుకుంటాం కదా. నేల మీద ఆచ్ఛాదన లేకుండా, చెత్తాచెదారం కుళ్లకుండా, ఒట్టిగా డ్రమ్ముల కొద్దీ జీవామృతం పోస్తే ఏం లాభం? పాలు లేని గిన్నెలో తోడు వేసినట్టు ఉంటది. తిండి లేని ఒంటికి క్రియాటిన్ కూడా అంతే.

మరి అది కెమికలా?

సూటిగా చెప్తా. డబ్బాలో వచ్చే క్రియాటిన్‌ను మాంసం నుంచి తీయరు. సార్కోసిన్, సయనమైడ్ అనే రెండు పదార్థాలను ఫ్యాక్టరీలో కలిపి చేస్తారు. అందుకే అది శాకాహారులకు కూడా పనికొస్తుంది. క్రియాప్యూర్ అనే పేరుతో అమ్మే క్రియాటిన్‌ను జర్మనీలో ఆల్జ్‌కెమ్ అనే కంపెనీ చేస్తుంది. అదే కంపెనీ కాల్షియం సయనమైడ్ అనే నత్రజని ఎరువు కూడా చేస్తుంది. ఇది విని కొందరు "చూశారా, ఎరువుల కంపెనీ" అంటారు. కానీ ఫ్యాక్టరీలో తయారైన శుద్ధమైన క్రియాటిన్, మన కిడ్నీ, కాలేయం తయారు చేసే క్రియాటిన్ ఒకే అణువు. ఒంటికి తేడా తెలియదు. తేడా అంతా దాంట్లో ఇంకేం కలిసి ఉంది అన్న దగ్గరే వస్తుంది.

ఇంకో మాట మన వైపు వాళ్లకు. పల్లీల్లో క్రియాటిన్ ఉంది, మునగాకులో ఉంది, "నేచురల్ క్రియాటిన్" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. మొక్కల్లో లెక్కలోకి వచ్చేంత క్రియాటిన్ ఉండదు. పచ్చి మాంసం కిలోకు దాదాపు 4, 5 గ్రాములు ఉంటుంది. రోజూ కిలో మాంసం ఎవరూ తినరు, తినాల్సిన పని కూడా లేదు. మన అమ్రాబాద్ పొడ తూర్పు ఎద్దును చూడండి. గడ్డి, జొన్న చొప్ప మేసి నాగలి లాగుతుంది. దానికి కావలసిన క్రియాటిన్ దాని ఒళ్లే తయారు చేసుకుంటుంది. మనిషి ఒళ్లు కూడా చేసుకుంటుంది. అయితే మాంసం తినని వాళ్ల కండల్లో నిల్వ కొంచెం తక్కువ ఉంటుంది. అందుకే పొడి ప్రభావం వాళ్లలో ఎక్కువ కనబడుతుంది. ఇష్టమున్నా లేకున్నా ఇది ఒప్పుకోవాలి.

గ్రౌండ్‌కు పోయే పిల్లలకు

అసలు ఈ వ్యాసం మీ కోసమే. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు.

ఇప్పుడు ఆలోచించండి. క్రియాటిన్ పని చేసేది 10 సెకన్ల బలానికి. గుండు విసరడం, దూకడం ఆ లెక్కలోకి వస్తాయి. కానీ చాలామంది పోయేది పరుగు దగ్గర. 7 నిమిషాల పరుగు ఊపిరి మీద, గుండె మీద, నెలల సాధన మీద నడుస్తుంది. అక్కడ ఈ పొడితో కలిసొచ్చేది చాలా తక్కువ. పైగా క్రియాటిన్ కండలోకి నీళ్లను లాగుతుంది. మొదటి వారంలోనే 1 నుంచి 2 కిలోల బరువు పెరగొచ్చు. అది కండ కాదు, నీళ్లు. అద్దంలో బాగానే కనిపిస్తది, కానీ ఆ రెండు కిలోలు మోసుకుంటూ నాలుగు రౌండ్లు కొట్టాల్సింది మీరే. పరుగు పరీక్షకు నెల ముందు కొత్తగా క్రియాటిన్ మొదలుపెట్టడం తెలివైన పని కాదని నా గట్టి అభిప్రాయం.

ముందు కంచం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్లకు కిలోకు 1.4 గ్రాముల దగ్గర నుంచి, అంటే 84 గ్రాముల నుంచి మొదలవుతుంది. 2024 మేలో అదే సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చి, కండ కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని చెప్పింది.

మన ఇంట్లో సరుకుతో లెక్క వేద్దాం. 100 గ్రాముల పల్లీలు 25 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పు 22, 200 గ్రాముల జొన్నపిండి రొట్టెలు 20, రెండు గుడ్లు 12, అర లీటరు బర్రె పాలు 18. మొత్తం 97 గ్రాముల ప్రొటీన్. పప్పు బదులు ఒక పూట ఉలవచారు, ఉలవ గుగ్గిళ్లు తిన్నా దాదాపు అంతే. జొన్నలో తక్కువున్న లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువున్న మెథియోనిన్ జొన్నలో, నువ్వుల్లో ఉంటుంది. రొట్టె, పప్పు కలిపి తినడం మన పెద్దలు ఊరికే అలవాటు చేయలేదు. పల్లీల్లో క్రియాటిన్ లేకున్నా, ఒళ్లు దాన్ని చేసుకోవడానికి కావలసిన ఆర్జినిన్ బాగా ఉంది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. యాసంగిలో పండించిన పల్లికాయ మొత్తం మూటలు కట్టి అచ్చంపేట యార్డుకు తోలుతాం. ఎంత ధర పలికితే అంతకు అమ్మి వస్తాం. ఇంట్లో తినడానికి ఒక సంచి కూడా ఉంచుకోం. పిల్లోడు పొద్దున టీ, బిస్కెట్ మీద గ్రౌండ్‌కు పోతాడు, మధ్యాహ్నం చారన్నం తింటాడు, రాత్రి అదే పల్లి అమ్మిన పైసలతో పొడి డబ్బా ఆర్డర్ పెడతాడు. తప్పు పిల్లోడిది ఒక్కడిదే కాదు. ఇంటికి ఒక సంచి ఉంచుకోని మనది కూడా.

అన్నీ చేస్తున్నాం, ఇంకా కావాలంటే

మూడు నెలలు సరిగ్గా తిని, వారానికి మూడు నాలుగు రోజులు పద్ధతిగా బరువులు ఎత్తి, రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోయి, 18 ఏళ్లు నిండి, ఏ జబ్బూ లేని వాళ్లు క్రియాటిన్ వాడాలనుకుంటే నేను వద్దనను. ఎలా ఎంచుకోవాలో చెప్తా.

మోనోహైడ్రేట్ అనే రకమే తీసుకోండి. ఎక్కువ పరిశోధన జరిగింది దాని మీదే, ధర కూడా తక్కువ. హైడ్రోక్లోరైడ్, ఇథైల్ ఎస్టర్, బఫర్డ్ అంటూ ఎక్కువ ధరకు అమ్మేవి దీనికంటే మెరుగని తేలలేదు. మైక్రోనైజ్డ్ అంటే సన్నగా పొడి కొట్టింది, నీళ్లలో సులభంగా కలుస్తుంది, అంతే. లేబుల్ మీద పదార్థాల జాబితాలో ఒకటే పేరు ఉండాలి. మాస్ గెయినర్, ప్రీ వర్కౌట్ అని పది రకాలు కలిపినవి వద్దు. లేబుల్ లేకుండా కవర్లలో తూకం వేసి ఇచ్చేవి అసలే వద్దు.

డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్ లాంటి బయటి పరీక్ష ముద్ర ఉంటే ఇంకా మంచిది. ఎందుకు ఇంత జాగ్రత్త అంటే, 2024లో మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ సప్లిమెంట్లను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క తప్పని తేలింది. సుమారు 14 శాతంలో అఫ్లాటాక్సిన్, 8 శాతంలో పురుగు మందుల అవశేషాలు దొరికాయి. అఫ్లాటాక్సిన్ అంటే పల్లి రైతుకు వేరే చెప్పాలా? బూజు పట్టిన కాయలో వచ్చే విషమే అది. అవి ప్రొటీన్ పొడులు, క్రియాటిన్ కాదు. కానీ అమ్మే దుకాణాలు అవే, చూసీ చూడకుండా కొనే మనమూ అవే మనుషులం.

మోతాదు రోజుకు 3 నుంచి 5 గ్రాములు. మొదటి వారం రోజుకు 20 గ్రాములు తాగాలని కొందరు చెప్తారు. అవసరం లేదు. రోజుకు 3 గ్రాములు చొప్పున 28 రోజులు తాగినా కండలో నిల్వ అంతే స్థాయికి చేరుతుందని 1996లోనే తేలింది. ఎక్కువ మోతాదు ఒక్కసారి తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. 250 గ్రాముల డబ్బా 3 గ్రాముల లెక్కన 83 రోజులు వస్తుంది. పొద్దునా రాత్రా అన్న పట్టింపు లేదు, రోజూ తాగడమే ముఖ్యం. నీళ్లలో కలిపిన వెంటనే తాగేయండి, కలిపి పెట్టి మర్నాడు తాగొద్దు. నీళ్లు బాగా తాగండి, అందులోనూ మన పాలమూరు ఎండల్లో.

కిడ్నీ జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు దూరంగా ఉండండి. ఆరోగ్యవంతులకు మామూలు మోతాదులో కిడ్నీలు పాడవుతాయని పరిశోధనల్లో తేలలేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. క్రియాటిన్ ఒంట్లో కరిగి క్రియాటినిన్‌గా మారుతుంది. రక్త పరీక్షలో కిడ్నీల కోసం చూసేది ఆ క్రియాటినిన్‌నే. కిడ్నీలు బాగున్నా రిపోర్టులో అంకె కొంచెం పెరగొచ్చు. పరీక్ష చేయించేటప్పుడు "నేను క్రియాటిన్ వాడుతున్నా" అని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. దాచిపెడితే లేని జబ్బుకు భయపడాల్సి వస్తుంది, లేదా ఉన్న జబ్బును పొడి మీదికి తోసి వదిలేసే ప్రమాదం ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. డబ్బా కనబడగానే తిట్టకండి. తిడితే దాచుకొని తాగుతాడు, లేబుల్ లేనిది తెచ్చుకుంటాడు. డబ్బా చేతిలోకి తీసుకుని నంబరు చదవండి, ఎంత తాగుతున్నాడో అడగండి, పొద్దున ఏం తిన్నాడో అడగండి. చివరిది అన్నింటికంటే ముఖ్యం. వచ్చే యాసంగిలో మార్కెట్‌కు మూటలు ఎత్తే ముందు ఇంటికి ఒక సంచి పల్లికాయ పక్కన పెట్టండి.

పల్లీలు, జొన్న, ఉలవలతో రోజు మొత్తం తిండి లెక్క పై వీడియోలో తూకం వేసి చూపించాను, చూడండి. మీ ఇంట్లో పిల్లలకు కూడా చూపించండి.