పవర్ స్టీరింగ్ వేసినా ఒక పక్కే బరువా? పంపు మార్చే ముందు ఇవి చూడండి

మైలవరం, జమ్మలమడుగు, ముద్దనూరు పక్క పాత ఫోర్ వీల్ జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. శనగ మూటలు, పత్తి బోరేలు, పశువుల మేత, కలుపుకు పోయే కూలీలు, అన్నిటికీ అదే బండి. వాన పడితే నల్లరేగడి దారిలో వేరే బండి కదలదు కాబట్టి దాన్ని అమ్ముకోలేం. కాకపోతే స్టీరింగ్ తిప్పేసరికి రెక్కలు పడిపోతాయి. అందుకని చానామంది పాత సామాన్ల అంగళ్లలో వేరే బండి స్టీరింగ్ బాక్సు, పంపు కొని పాత జీపుకు బిగించుకుంటున్నారు.

బిగించాక వినిపించే మాట ఒకటే. "ఎడమకు వెన్న మాదిరి తిరుగుతాంది, కుడికి గుంజినా రాదు." లేదంటే "నడిమధ్యలో పట్టి పట్టి వదులుతాంది." షెడ్డుకు పోతే "పంపు పోయింది, ఇంకోటి వెయ్యాల" అంటారు. పంపు మారుస్తారు, తేడా మాత్రం అట్లే ఉంటుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక పక్క తేలిక, ఒక పక్క బరువు అనే జబ్బుకు పంపు కారణం కావడం అరుదు. పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది, అంతే. ఆ నూనె ఎడమకు పోవాలా కుడికి పోవాలా అన్నది దానికి తెలియదు. పంపు బలహీనమైతే రెండు పక్కలా బరువే కావాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మీ జేబులో డబ్బు మీ జేబులోనే ఉంటుంది.

కాబట్టి షెడ్డుకు పోయే ముందే తేడా ఏ మాదిరిదో మీరే పట్టుకోండి. ఖాళీ కల్లంలో బండి పెట్టి, ఇంజన్ నడుస్తుండగా ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పండి. ఎప్పుడూ ఒకే పక్క బరువుగా ఉందా? చక్రం ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు పట్టి రెండుసార్లు వదులుతోందా? ఇంజన్ నిదానంగా ఉన్నప్పుడు బరువై, రేజు చేస్తే తేలికవుతోందా? మలుపు తిరిగాక చక్రం తనంతట తాను నేరుగా రావడం లేదా? ఈ నాలుగూ నాలుగు వేరు వేరు జబ్బులు. అన్నిటికీ ఒకటే మందు వేసే మెకానిక్కును నమ్మవద్దు.

చుట్టుకు రెండుసార్లు పట్టడం

ముందు దీని సంగతి చూద్దాం. ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కొత్త బాక్సు పాత బాక్సు ఉన్న చోట, ఉన్న వాటంలో కూర్చోదు. స్టీరింగ్ రాడ్డు ఒక కోణంలో, బాక్సు ఇంకో కోణంలో ఉంటాయి. వాటిని కలపడానికి క్రాసులు వేస్తారు. క్రాసు వంపులో తిరిగితే దానికొక గుణం ఉంది. పైన మీరు సమంగా తిప్పినా, కింద సమంగా తిరగదు. చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 30 డిగ్రీలుంటే ఈ తేడా ఒక వైపు సుమారు 13 శాతం, ఇంకో వైపు 15 శాతం దాకా పోతుంది. చేతికి అది స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి విరుగుడు రెండు క్రాసులు వేసి ఒకదాని తేడాను ఇంకొకటి కొట్టేసేట్టు చేయడం. అయితే ఒక షరతు. రెండు క్రాసుల వంపులూ ఒకే వరుసలో, దాదాపు సమానంగా ఉండాలి. నడిమి రాడ్డుకు రెండు చివర్లా ఉన్న గాబులు ఒకే వరుసలో ఉండాలి. పల్లీలు తినుకుంటూ ఎట్లా పడితే అట్లా బిగించేస్తే తేడా పోకపోగా రెట్టింపవుతుంది. బండి కిందకి దూరి చూడండి. ఒక చివర గాబు నిలువుగా ఉన్నప్పుడు రెండో చివరది అడ్డంగా కనిపిస్తే దాన్ని ఊడదీసి సరిగా వేయమని చెప్పండి. పైసా సామాను అక్కర్లేదు, అరగంట పని.

అదే చోట ఇంకొకటి చూడాలి. బాడీ రబ్బర్ల మీద కూర్చుంటుంది, బాక్సు ఛాసిస్ మీద ఉంటుంది. గుంతలో పడితే రెండూ వేర్వేరుగా కదులుతాయి. నడిమి రాడ్డు కొంచెం జారే వీలు లేకుండా గట్టిగా వెల్డింగ్ చేసి ఉంటే, అది బాక్సు లోపలి వాల్వును ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది. అప్పుడు ఒక పక్క తేలిక, ఒక పక్క బరువు.

ఎప్పుడూ ఒకే పక్క బరువు

దీన్ని రెండుగా విడదీసి చూడాలి. జబ్బు బాక్సులో ఉందా, చక్రాల దగ్గర ఉందా? వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఇరుసు కింద జాకీ వేసి, దాని కింద గట్టి దిమ్మెలు పెట్టండి. వట్టి జాకీని నమ్మి బండి కింద పడుకోవద్దు. ఇంజన్ ఆపి, బాక్సు డ్రాప్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింక్‌ను విడదీయండి. ఇప్పుడు ముందు చక్రాలను చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పండి. ఒక చోట పట్టేస్తే తప్పు బాక్సుది కాదు, కింగ్ పిన్ బేరింగులది లేదా రాడ్ ఎండ్లది. సంవత్సరాలుగా గ్రీజు చూడని కింగ్ పిన్‌ను పంపు బలంతో తిప్పించుకోవడం, కుంటెద్దును ముల్లుగర్రతో నడిపించడం లాంటిది.

చక్రాలు సాఫీగా తిరిగాయనుకోండి. డ్రాగ్ లింక్ విడిగానే ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ను ముట్టుకోకుండా చూడండి. అది తనంతట తాను ఒక పక్కకు పోతే వాల్వు నడిమధ్యలో లేదన్నమాట. నూనె ఎప్పుడూ ఒక పక్కకే కొంత ఎక్కువ పోతోంది. అయితే ముందు పైన చెప్పిన నడిమి రాడ్డు నెడుతోందేమో చూడండి. అది సరిగా ఉంటే బాక్సు విప్పాల్సిందే. విప్పడం మాత్రం రోడ్డు పక్క షెడ్డులో వద్దు. ప్రొద్దుటూరో కడపో పోయి, పవర్ స్టీరింగ్ బాక్సులే చేసేవారికి ఇవ్వండి. లోపలి వాల్వు దుమ్ములో విప్పే వస్తువు కాదు.

మన పక్క చానా బండ్లలో కనిపించే తప్పు ఇంకొకటి ఉంది. బాక్సును నడిమధ్యకు తేకుండానే డ్రాప్ ఆర్మ్ బిగించేస్తారు. బాక్సుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తిప్పి, చక్రాలు నేరుగా పెట్టి, అప్పుడు డ్రాగ్ లింక్ పొడవు సరిచేసి కలపాలి. బాక్సు పండ్లు నడిమధ్యలోనే బిగువుగా ఉండేట్టు చేసి ఉంటాయి, పక్కలకు పోయేకొద్దీ కొంచెం వదులు. బాక్సు నడిమధ్య తప్పితే నేరుగా పోయేటప్పుడు ప్లే ఎక్కువగా ఉంటుంది. మలుపు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తిరుగుతుంది. ఇది అడిగితే కొందరు స్టీరింగ్ చక్రాన్ని పీకి నిలువుగా పెట్టి "సరిపోయింది" అంటారు. ఏమీ సరిపోలేదు. కనిపించే తప్పును కనిపించకుండా చేశారు, అంతే.

యుద్ధకాలపు విల్లీస్ నమూనాలో వచ్చిన పాత జీపులకు ముందు భాగంలో, నడిమధ్యన బెల్ క్రాంక్ అని ఒకటి ఉంటుంది. డ్రాగ్ లింక్ దాన్ని తిప్పితే అది రెండు పక్కల రాడ్లను లాగుతుంది. మనిషి చేతి బలానికి చేసిన అమరిక అది. దాని బుష్షులు అరిగి ఉండగా పంపు బలం కలిపితే అరుగుదల ఇంకా త్వరపడుతుంది. ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు ముందు నిలబడి చూడాలి. చక్రం కదలకముందే బెల్ క్రాంక్ పైకీ కిందకీ ఊగితే అక్కడే జబ్బు. బాక్సు బిగించిన చోట ఛాసిస్ ఊగుతోందేమో కూడా ఆ చూపులోనే చూసుకోండి. పాత ఛాసిస్ రేకు పలచన. లోపల దిమ్మె వేయకుండా బోల్టులు బిగిస్తే పగులు వస్తుంది.

కమాన్ కట్టలనూ మరవద్దు. ఎప్పుడూ ఒకే పక్క బరువు వేసే బండికి ఆ పక్క కమాన్ కుంగి ఉంటుంది. ఒక పక్క కొత్త పట్టీ, ఇంకో పక్క పాతది ఉంటే ఇరుసు వాలు రెండు పక్కలా సమానంగా ఉండదు, బండి ఒక పక్కకు లాగుతుంది. టైర్లు కూడా అంతే. ఒకటి కొత్తది ఒకటి బోడిది వేసి, గాలి చేతితో నొక్కి చూసి సరిపెట్టుకుని, స్టీరింగ్ లాగుతోందంటే ఎట్లా?

మిగిలిన రెండు

నిదానంగా ఉన్నప్పుడు బరువు, రేజు చేస్తే తేలిక అంటే అప్పుడు పంపు వైపు చూడాలి. ముందు బెల్టు. తిప్పేటప్పుడు కీచుమంటే వదులయింది. తర్వాత నూనె. డబ్బాలో నూనె మజ్జిగ మాదిరి నురగ కడితే గాలి చేరింది. ముందు చక్రాలు పైకి లేపి, ఇంజన్ ఆపి, చివర నుంచి చివరకు నిదానంగా ఇరవైసార్లు తిప్పుతూ నూనె పోస్తుంటే గాలి బయటకు పోతుంది. ఆ పైనే ఇంజన్ స్టార్ట్ చేయాలి. పంపు చేసినవారు ఏ నూనె చెబితే అదే పోయండి. బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క కూడా వద్దు, లోపలి సీళ్లను తినేస్తుంది. చివరిదాకా తిప్పి అట్లే గట్టిగా పట్టుకోవడం కూడా మానుకోండి, నూనె కాగిపోతుంది.

తిప్పిన చక్రం వెనక్కి రాకపోతే కింగ్ పిన్ బిగువు, ఇరుసు వాలు చూడాలి. వాలు పెంచడానికి కమాన్‌కూ ఇరుసుకూ మధ్య చీలిక ముక్కలు వేస్తారు. రెండు పక్కలా ఒకే మందం వేయాలి. ఫోర్ వీల్ బండిలో వాలు మరీ పెంచితే ముందు షాఫ్టు క్రాసుకు వంపు మారి శబ్దం వస్తుంది, అదొక్కటి మెకానిక్కుకు గుర్తుచేయండి. ఇంకొక మాట. బురద దాటాక ఫోర్ వీల్ లివర్ తీయకుండా తారు రోడ్డెక్కితే ఏ స్టీరింగైనా మలుపులో పట్టేస్తుంది. అది జబ్బే కాదు.

ట్రాక్టరుకు వేసినవారికి

పాత ట్రాక్టరుకు పక్కనొక సిలిండర్ పెట్టి పవర్ స్టీరింగ్ చేసుకున్నవారిదీ ఇదే ఫిర్యాదు. అక్కడ కారణం వేరు. సిలిండర్లో ఒక పక్క రాడ్డు ఉంటుంది కాబట్టి ఆ పక్క నూనెకు చోటు తక్కువ. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, రాడ్డు 25 మిల్లీమీటర్లు అనుకోండి. నెట్టే పక్క వైశాల్యం నాలుగు పాళ్లయితే లాగే పక్క మూడు పాళ్లే. అందుకే ఒక పక్క నాలుగు చుట్లు, తేలిక. ఇంకో పక్క మూడు చుట్లు, కొంచెం బరువు. అది దాని పుట్టుక గుణం, రిపేరుకు లొంగదు. రెండు చివర్లా రాడ్డు ఉన్న సిలిండర్ వేసుకుంటేనే సమానమవుతుంది.

ఇంకా వేయించనివారికి

ఎకరా రెండెకరాల రైతు వారానికి రెండు రోజులు తిప్పే బండికి ఇదంతా అవసరమా అని నేనడుగుతాను. ముందు కింగ్ పిన్ బేరింగులు, రాడ్ ఎండ్లు మార్చి, గ్రీజు పెట్టి, గాలి సరిచేసి ఒక నెల నడిపి చూడండి. చాలా బండ్ల బరువు అక్కడే సగం దిగుతుంది. ఆ పని ఎట్లాగూ తప్పదు. పవర్ స్టీరింగ్ అరుగుదలను పోగొట్టదు, మీ చేతికి తెలియకుండా దాస్తుంది.

చట్టం సంగతీ తెలుసుకోండి. కంపెనీ నమూనాను మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లో ఆంక్షలున్నాయి. 2019 సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఈ శిక్ష బండి ఓనరుకు పడుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టే వీలూ ఉంది. కాబట్టి రవాణా ఆఫీసులో ముందే అడగండి. పని చేసినవారి దగ్గర ఏ బాక్సు, ఏ పంపు వేశారో రాసిన బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే ఆ షెడ్డు వద్దు.

వేడి చేసి వంచిన డ్రాప్ ఆర్మ్, వెల్డింగ్ అతుకు వేసిన డ్రాగ్ లింక్ ఉన్న బండిలో మాత్రం పత్తి తీసే ఆడకూతుళ్లను ఎక్కించుకోవద్దు. అది ఊడిన రోజు పంపు, బాక్సు, బ్రేకు ఏదీ కాపాడదు. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజన్ ఆపి జారవిడిచే అలవాటు ఉన్నవారు ఇక మానుకోవాలి. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, తేలిక స్టీరింగుకు అలవాటు పడిన చేతికి అది పాతదానికన్నా బరువై కూర్చుంటుంది.

అంతా సరిచేయించాక 500 కిలోమీటర్లు తిరిగి, బాక్సు బోల్టులు మళ్లీ బిగించి, కాటర్ పిన్నులన్నీ ఉన్నాయో లేదో చూసి, బాక్సు చుట్టూ ఛాసిస్‌ను గుడ్డతో తుడిచి పగులు గీత ఏమన్నా ఉందా అని పగటి వెలుతురులో చూసుకోండి.