బార్‌కోడ్ చెప్పేదెంత? బిల్లు చెప్పేదెంత?

హాస్టల్లో ఉన్న రోజుల్లో మేము ఒక ఆట ఆడేవాళ్లం. సబ్బో పేస్టో కొనుక్కొచ్చినప్పుడు దాని మీద ఉండే నల్ల గీతల కింద అంకెలు చూసేవాళ్లం. 890తో మొదలైతే "మన దేశపు సరుకు", లేకపోతే "ఫారిన్ సరుకు" అని తీర్పు చెప్పేవాళ్లం. పై చదువులకు వెళ్లాక తెలిసింది, మా తీర్పులకు అర్థం లేదని. 890 అంటే ఆ నంబరును కంపెనీకి జీఎస్1 ఇండియా అనే సంస్థ ఇచ్చిందని మాత్రమే. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు. అసలుదో నకిలీదో అసలే చెప్పదు. ఒక రకం సబ్బులన్నిటికీ ఒకటే బార్‌కోడ్ ఉంటుంది. కవరును అచ్చుగుద్దినట్టు దించేవాడు కవరుతో పాటు గీతలనూ దించేస్తాడు.

సబ్బు నకిలీదైతే పది, ఇరవై రూపాయలు పోతాయి. విత్తనం నకిలీదైతే ఒక ఏడాది బతుకు పోతుంది. పత్తి, మిరప తప్ప వేరే మాట వినపడని సత్తెనపల్లి ప్రాంతంలో పుట్టిన మనకు ఈ సంగతి ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు.

మేము ఇంటర్ చదివేటప్పుడు ఒక ఏడు మా నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేశాడు. విత్తనాలు, మందులు అన్నీ ఒకే షాపులో అరువు. చెట్టు ఏపుగా పెరిగింది, పూత కూడా వచ్చింది. కాపు మాత్రం నిలబడలేదు. ఊళ్లో అదే ప్యాకెట్ తెచ్చిన మరికొందరి చేలూ అంతే. అందరూ కలిసి అడగడానికి వెళితే మొదట ఎదురైన ప్రశ్న: "బిల్లు ఉందా? లాట్ నంబరు ఎంత?" మా నాన్న జేబులో ఉన్నది మొత్తం డబ్బు మాత్రమే రాసిన తెల్ల చీటీ. ప్యాకెట్లు నారు పోసిన రోజే చెత్తలో కలిసిపోయాయి. చేను మొత్తం సాక్ష్యంగా నిలబడి ఉంది, కానీ ఆ సాక్ష్యం ఎవరికీ పనికిరాలేదు.

అప్పుడు మాకు తెలియని సంగతులు కొన్ని ఇప్పుడు తెలుసు. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అమ్మేవాడు కొన్నవాడికి బిల్లు ఇచ్చి తీరాలి. అంటే బిల్లు షాపు యజమాని దయ కాదు, మన హక్కు. అలాగే 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ మన రాష్ట్ర రైతులకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని చెప్పింది. కొన్న విత్తనమంతా చేలో వేసేసిన రైతును "పరీక్షకు కొంచెం ఎందుకు దాచలేదు" అని అడగడం న్యాయం కాదని కూడా చెప్పింది. కానీ ఆ తీర్పు దాకా వెళ్లాలన్నా కొన్నట్టు రుజువు చేతిలో ఉండాలి కదా!

ఇక శిక్షల సంగతి చూడండి. 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఎక్కువలో ఎక్కువ 500 రూపాయలు! నకిలీ ప్యాకెట్ అమ్మేవాడు దీనికి భయపడతాడా?

ఒక సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం సాధ్యం కాదా అంటే, మన మిరపకాయే సాక్ష్యం. 2003లో భారతదేశపు కారంలో సుడాన్ రంగు కలిసిందని ఐరోపాలో బయటపడింది. ఎగుమతయ్యే కారానికి పరీక్ష తప్పనిసరి అయింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగున్న కారం ఒక సాస్‌లో కలిసిందని తేలింది. ఆ సాస్ ఏయే ఆహార పదార్థాల్లో పడిందో కాగితాలు పట్టుకొని వెతికి, వందల రకాల సరుకును అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించారు. తినేవాడి కోసం అంత వెతుకులాట జరిగింది. పండించేవాడు వేసిన విత్తనం ఎక్కడిదో మాత్రం పక్క ఊరి షాపు దాకా కూడా వెతకలేకపోతున్నాం. కొనేవాడికి ఒక న్యాయం, పండించేవాడికి ఒక న్యాయమా?

ఈ లోటు తీర్చడానికని కేంద్ర ప్రభుత్వం 2023లో "సాథీ" పోర్టల్ మొదలుపెట్టింది. విత్తన సంచి మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే అది ఎక్కడ తయారైందో తెలియాలన్నది దాని ఉద్దేశం. 2025 నవంబరులో ప్రజల ముందు పెట్టిన కొత్త విత్తన బిల్లు ముసాయిదాలో క్యూఆర్ కోడ్‌ను తప్పనిసరి చేయాలన్నారు. పెద్ద నేరాలకు 30 లక్షల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు ప్రతిపాదించారు. మేము దీన్ని స్వాగతిస్తున్నాం. అయితే క్యూఆర్ కోడ్‌ను కూడా ఫోటో తీసి వెయ్యి కవర్ల మీద అచ్చు వేయవచ్చు. ప్రతి ప్యాకెట్‌కూ వేరే నంబరు ఉండి, అమ్మిన రోజే అది కొన్నవాడి పేరు మీద కంప్యూటర్లో ఎక్కితేనే, అదే నంబరుతో రెండో ప్యాకెట్ వచ్చినప్పుడు దొంగ దొరుకుతాడు.

ఇక్కడే మా అసలు ప్రశ్న. ఎవరి పేరు మీద ఎక్కుతుంది? మన తల్లిదండ్రుల్లో భూమి ఉన్నవాళ్లు తక్కువ, కౌలుదారులు, కూలీలు ఎక్కువ. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావాల్సి వచ్చింది. సంతకం పెట్టనివాళ్లే ఎక్కువ. రేపు పరిహారం వచ్చినా అది పాసు పుస్తకం ఉన్న ఇంటికే పోతే, చేలో చెమట పోసినవాడికి ఏం మిగులుతుంది? కాపు లేని చేలో మిరప కోతలు ఉండవు, పత్తి తీతలు ఉండవు. మా అమ్మకు ఆ ఏడు పోయిన కూలి ఏ నష్టపు లెక్కలోనూ ఎక్కలేదు. బిల్లు సాగు చేసేవాడి పేరు మీద రాయాలి, నష్టం లెక్కలో కూలి రోజులు కూడా కలపాలి. ప్రభుత్వాన్ని మేము కోరేది ఇదే.

తమ్ముళ్లూ, చట్టాలు వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. మన ఇళ్లలో ప్యాకెట్ మీది అక్షరాలు చదవగలిగిన మొదటి మనుషులం మనమే. విత్తనాలు కొనే రోజుల్లో ఇంటికి వెళ్లినప్పుడు నాన్నతో కలిసి షాపుకు వెళ్లండి. లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు తేదీ చదివి వినిపించండి. అవన్నీ రాసిన బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ ప్యాకెట్‌ను, లేబుల్‌ను, బిల్లును ఒక కవర్లో పెట్టి పంట చేతికొచ్చేదాకా ఇంట్లో దాచండి. ఫోన్ ఉంటే ఫోటో తీయండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనేవాడి దగ్గర కొనవద్దని చెప్పండి.

అరువు ఇచ్చే షాపువాడిని బిల్లు అడగడం తేలిక కాదని మాకు తెలుసు. మా నాన్న కూడా మొహమాటపడే అడగలేదు. ఒక్కడు అడిగితే కసురుకుంటారు, వాడంతా అడిగితే రాసిస్తారు. ఈ హాస్టల్ మనకు చదువు ఇచ్చింది. ఆ చదువు ముందుగా మన ఇంటి విత్తన ప్యాకెట్ మీద పనికిరావాలి.