పనివాని ఊపిరి

వంటగట్టునకు గ్రానైటు రాయి వేయించుకొనుట నేడు సామాన్య గృహస్థులకును అలవాటైనది. 2017వ సంవత్సరమున మెట్రోరైలు వచ్చిన యీ మియాపూరులో మే మెటు చూచినను క్రొత్త మేడలే. అచ్చట రాతిపలకలు కోయు పనివాడు ముఖమునకు తుండుగుడ్డ చుట్టుకొని ధూళిలో మునిగియుండును. ఇల్లంతయు దుమ్మయ్యెనని మనము విసుగుకొందుము గాని, వాని రొమ్ములో నెంత చేరెనని యడుగము.

గ్రానైటులో సిలికా యను పదార్థము కలదు. కంటికి కనబడని దాని నలుసులు ఊపిరితిత్తుల లోతునకు బోయి మచ్చలు గట్టి, వానిని బిగిసిపోవునట్లు చేయును. సిలికోసిస్ అను నీ జాడ్యమును కుదుర్చు మందు లేదు. ఆ ధూళి క్యాన్సరుకును కారణమని 1997లో ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ నిర్ణయించినది. తుండుగుడ్డ యా నలుసుల నాపజాలదు.

వైద్యుడు రోగము వచ్చిన పిదప చికిత్స చేయును. రాకమునుపే పనిచోటికి బోయి, గాలిని కొలిచి, కీడును తొలగించు విద్య వేరొకటి కలదు. దానికి ఆక్యుపేషనల్ హైజీన్ అని పేరు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లో ప్రకటించిన గ్రంథమున రాళ్లు చెక్కువారిని, బట్టలుదుకు స్త్రీలను, మంత్రసానులను గూర్చి వ్రాసి, రోగి వృత్తి యేమో తప్పక యడుగుడని తోడి వైద్యులకు బోధించెను. అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు 1910 మొదలు సీసపు కర్మాగారములలోనికి స్వయముగా బోయి విషము పుట్టుచోటులను కనుగొనెను. 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయమున అధ్యాపకపదవి నందిన మొదటి స్త్రీ యామెయే.

మన దేశమున 1984 నాటి భోపాల్ ఘోరము పిదప, 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు జరిగిన సవరణ, పనిచోటి గాలిలో నే విషపదార్థ మెంతకు మించరాదో విధించినది. ఆ చట్టమునకు బదులు 2025 నవంబరు 21న క్రొత్త కోడు అమలునకు వచ్చినది. కాని మన యింట నొంటిగా రాయి కోయువానికి కర్మాగారమును లేదు, తనిఖీదారుడును లేడు. వానిపాలిటికి ఆ బాధ్యత యింటి యజమానురాలిదే.

ఈ విద్యలో పరిహారముల కొక వరుస కలదు. కీడుచేయు వస్తువును మానుట మొదటిది, ధూళిని పుట్టినచోటనే యణచుట పిమ్మటిది, ముసుగు కడపటిది. కృత్రిమ రాతిపలకలు కోసిన యువకులే యీ జాడ్యమున పడగా, ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుండి ఆ పలకలనే నిషేధించిరి. కావున మనమును అట్టి పలకలు కోరకుందము. గ్రానైటును నీటితో కోయు యంత్రమున్న చోటనే కొలతలిచ్చి కోయింపుడు. మామూలు విద్యుద్యంత్రముపై చెంబుతో నీళ్లు పోయించుట మాత్రము ప్రాణాపాయము. ఇంట పడిన పొడిని చీపురుతో నూడ్వక తడిగుడ్డతో తుడిపింపుడు.

గాలిని కొలుచు పరికరములు నేడు అంగీకి తగిలించుకొన దగినంత చిన్నవైనవి. వానిని వాడి చెప్పగలవారు కావలసియున్నారు. రసాయనశాస్త్రము చదువు మన బాలికలకు హైటెక్ సిటీ కొలువొక్కటియే గమ్యము కానక్కరలేదు; ఈ వృత్తియు వారికి దగినదే. వారు సిద్ధపడులోపల, రాయి బేరమాడునపుడు కోతయంత్రమునకు నీటి యేర్పాటున్నదా యని యడిగి, కూలి కొంత హెచ్చినను వెనుదీయక యుండుట మన చేతిలోని పని యని మా మనవి.