మూడక్షరాల కింద పూడ్చిన పేర్లు

జూబ్లీహిల్స్‌ల పొద్దున్నే నడకకు పోయేటోళ్లను అడగండి, ఎటు పోతున్నరని. ‘కేబీఆర్‌కు’ అంటరు. క్యాన్సర్ రోగిని తోలుకొని ఊరి నుంచి రెడ్‌హిల్స్‌కు వచ్చిన మనిషిని అడగండి. ‘ఎమ్మెన్‌జేకు’ అంటడు. రెండూ మూడక్షరాలే. ఒకటి ఒక మేలును మరిపించింది. ఇంకొకటి ఒక గాయాన్ని మరిపించింది.

ఎమ్మెన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. పక్కనున్న బంజారాహిల్స్ ఉత్త రాళ్లగుట్టగా ఉన్న రోజుల్ల అక్కడ ఇల్లు కట్టుకున్న తొలి మనుషుల్ల ఒకడు. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వంల మంత్రి. 1960ల గుజరాత్ ఏర్పడితే ఆ రాష్ట్రానికి తొలి గవర్నర్.

‘జంగ్’ ఇంటిపేరు కాదు, నిజాం కొలువు బిరుదు. ఖాన్ బహదూర్ మీద జంగ్, ఆ మీద దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నిటి మీద జా. ఫార్సీల జంగ్ అంటే యుద్ధం. కానీ మనం యాది చేసుకోవాల్సిన జంగ్‌లు కత్తితోని గెలిచినోళ్లు కారు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉండి జిల్లాల పాలనకు, రెవెన్యూ వ్యవస్థకు పునాది వేసిండు. అలీ నవాజ్ జంగ్ ఇంజినీరు. 1923ల పని మొదలై 1931ల పూర్తయిన నిజాంసాగర్ ఆయన చేతి పనే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం వెనుక జైన్ యార్ జంగ్ ఉన్నడు.

మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోకుండనే 1949ల పోయిండు. ఆ పేరు అక్కడనే ఆగింది. అదే ఏడు జాగీర్లు రద్దయినయి. 1950ల రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులకే తాళం వేసింది. మంచిదే! బిరుదు వెనుక జాగీరు ఉండె, జాగీరు కింద రైతు నెత్తురు ఉండె. కడవెండిల దొడ్డి కొమురయ్యను 1946ల బలిగొన్న దొరతనం, ఈ జాగీర్దారీ ఒక్క గడీకి రెండు గోడలు. వాటికోసం ఏడ్చే పని మనకు లేదు.

కానీ బిరుదును రద్దు చేస్తే మనిషి చేసిన పని కూడా రద్దయితదా?

సినిమా మద్రాసు నుంచి వచ్చి ఈ గుట్టల మీదనే కాలు మోపింది. 1976ల అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది, వెనుక ఫిలింనగర్ లేచింది. జాగ మనది. మన యాస మాత్రం ఏండ్ల తరబడి విలన్‌కు, కమెడియన్‌కు! నవాబు అంటే హుక్కా, ముజ్రా, వెకిలి నవ్వు. చెరువు కట్టిన జంగ్, బడి కట్టిన జంగ్ తెర మీద ఎన్నిసార్లు కనబడ్డడు? పైగా అక్కడ కొత్త బిరుదులు పుట్టినయి. రాజ్యాంగం ఆపింది సర్కారు ఇచ్చే బిరుదులనే, అభిమాన సంఘాలు ఇచ్చేటివి కాదు. తండ్రి జంగ్ అయితే కొడుకు జంగ్ కావాలన్నా నిజాం ఫర్మానా కావాలె. స్టార్ కొడుక్కు ఆ ఫర్మానా కూడా అక్కర లేదు!

ఇగ రెండో మూడక్షరాలు. కేబీఆర్ అంటే కాసు బ్రహ్మానందరెడ్డి. 1969ల మన పిల్లల మీద తూటాలు పేలినప్పుడు ఆయనే ముఖ్యమంత్రి. ఉద్యమం చెప్పే లెక్క 369 మంది. 1998ల జాతీయ పార్కు అయిన ఆ అడవి ఆయన పేరే మోస్తున్నది. లోపల చిరాన్ ప్యాలెస్ ఒకప్పుడు ఏడో నిజాం మనవడు ముకరం జాది. పైమెట్టు బిరుదు ‘జా’ గోడల లోపల, కాల్పుల నాటి ముఖ్యమంత్రి గేటు మీద!

2014ల రాష్ట్రం వచ్చింది. అలీ నవాజ్ జంగ్ పుట్టిన జూలై 11ను ఇంజినీర్స్ డేగా జరుపుకుంటున్నం. సంతోషం. పార్కు పేరు మాత్రం కదలలేదు.

విద్యార్థులారా, ఉద్యోగులారా! పొట్టి పేర్లు పలకుడు బంద్ చేద్దాం. ఎమ్మెన్‌జే అనకుండ మెహదీ నవాజ్ జంగ్ దవాఖాన అందాం, ఆయన ఎవరో పిల్లలకు చెపుదాం. కేబీఆర్ అనకుండ కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు అని నిండుగ పలుకుదాం, 1969ల ఏం జరిగిందో ఆ వెంటనే చెపుదాం. ఆ తర్వాత ఆ గేటు మీద ఏ పేరు ఉండాల్నో జనమే తేలుస్తరు.