చప్పుడికి తిరిగాడు కదా!

మా అప్ప కొడుకు పుట్టినప్పుడు ఇంట్లో మేమే ఒక టెస్ట్ పెట్టాం. వాడి వెనకాల గరిటెతో పళ్ళెం మీద కొట్టాం. తిరిగాడు. పాస్! రెండేళ్లొచ్చినా మాట రాలేదు. "గుంటడికేటీ నేదు, మీ నాన్న కూడా ఆలస్యంగానే మాటాడినాడు" అంది నానమ్మ. చివరికి శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకెళ్తే తెలిసింది, రెండు చెవులకీ తీవ్రమైన వినికిడి లోపం అని. వాడు తిరిగింది చప్పుడికి కాదు. నీడ కదిలినందుకు, నేల అదిరినందుకు.

పళ్ళెం టెస్ట్‌లో బగ్ ఏంటంటే, జవాబు మనం ఊహించుకుంటాం. అసలు పరీక్షలకి బిడ్డ జవాబు చెప్పక్కర్లేదు, నిద్రపోతే ఇంకా మంచిది.

ఓఏఈ మన పింగ్ లాంటిది. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి క్లిక్ శబ్దం పంపిస్తారు. లోపలి చెవి బాగుంటే అక్కడి రోమకణాలు సన్నటి శబ్దాన్ని తిరిగి పంపుతాయి, మైక్ పట్టుకుంటుంది. దీన్ని 1978లో డేవిడ్ కెంప్ బయటపెట్టాడు. బెరాలో తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దం నరం గుండా మెదడు కాండం దాకా చేరిందో లేదో చూస్తారు. ఇంకోటి మధ్యచెవి రిఫ్లెక్స్. పెద్ద శబ్దం వినగానే స్టెపీడియస్ అనే బుల్లి కండరం బిగుసుకుంటుంది, ఆ మార్పుని మెషీన్ కొలుస్తుంది.

ఒక్క ఓఏఈతో అంతా తేలిపోదు. చెవిలో తడి ఉన్నా ఫెయిల్ రావచ్చు, అప్పుడు మళ్లీ చేయాలి. నరంలో లోపముంటే ఓఏఈ పాసైపోవచ్చు. అందుకే కామెర్లు ఎక్కువై ఐసీయూలో ఉన్న పిల్లలకి బెరా కూడా కావాలి.

ప్రపంచమంతా చెప్పే లెక్క 1-3-6. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం. మేం రెండేళ్లు పోగొట్టాం.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. కాక్లియర్ ఇంప్లాంట్ కూడా ఆ పథకంలోకి వచ్చింది. కానీ మెదడు మాటలు నేర్చుకునే వయసు దాటాక ఎంత ఖరీదైన ఆపరేషన్ చేసినా ఫలితం తగ్గుతుంది. కొన్ని నిమిషాల పరీక్షని వదిలేసి లక్షల ఆపరేషన్ కోసం ఎదురుచూడటం ఏం లాజిక్? కాన్పు జరిగే ప్రతిచోటా ఓఏఈ మెషీన్ ఉండాలి, డిశ్చార్జ్ కాగితంలో ఆ రిజల్ట్ ఉండాలి. ఇదే నా వాదన.

అప్పటిదాకా మన వంతు ఒకటుంది. మీ వీధిలో ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే, స్వీటు తిన్నాక ఒక్క మాట అడగండి: "చెవి పరీక్ష చేయించారా?" మమ్మల్ని ఎవరూ అడగలేదు.