ఆటుపోట్లను లెక్కచేయని విహారం

సెలవులు వస్తే చాలు, కొంకణ తీరంలోని జలదుర్గాలకు జనం పోటెత్తుతున్నారు. 1664లో మాల్వణ్ ఎదుట కుర్టె దీవిపై శివాజీ పునాది వేయించిన సింధుదుర్గంతో పాటు విజయదుర్గం, సువర్ణదుర్గం, ఖాందేరి కోటలు 2025 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. మరాఠా సైనిక చరిత్రకు ప్రతీకలుగా ఎంపికైన పన్నెండు కోటల్లో ఇవి నాలుగు. గుర్తింపు గర్వకారణమే. కానీ దాని వెంట పెరిగే రద్దీకి తగ్గ రక్షణ ఏర్పాట్లు లేకపోతే ఆ గర్వం విషాదంగా మారడానికి ఒక్క పూట చాలు.

ఈ కోటలకు సముద్రమే అగడ్త. శత్రువును దరిచేరనీయకపోవడమే దాని ధర్మం. వచ్చేది దండయాత్రికుడా, విహారయాత్రికుడా అన్న విచక్షణ కడలికి లేదు. అలీబాగ్ ఒడ్డునున్న కొలాబా కోటనే చూడండి. ఆటు వేళ ఇసుక, బండలు తేలి, చెప్పులు చేతపట్టుకొని నడిచి వెళ్లేంత దారి ఏర్పడుతుంది. గుర్రపు బండ్లూ సాగుతాయి. లోపల ఫొటోలు దిగుతూ ఒక గంట ఆదమరిస్తే, తిరుగుదారిలో చీలమండ దగ్గరున్న నీరు మోకాలికి, మోకాలి నుంచి నడుముకు వస్తుంది. కాలికింద పాచిపట్టిన రాయి కనబడదు. ఆటు నుంచి పోటుకు మధ్య వ్యవధి దాదాపు ఆరు గంటలే. పైగా ఆ వేళలు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. నిన్న పదింటికి దారి ఇచ్చిన సముద్రం ఇవాళ పదకొండు కావస్తే గానీ ఇవ్వదు. నిన్న వెళ్లొచ్చినవారి మాట నమ్మి బయలుదేరడం అందుకే ప్రమాదకరం.

తెలుగువారికి ఈ హెచ్చరిక మరింత అవసరం. విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ సుమారు ఒకటిన్నర మీటరే. ముంబయి తీరంలో ఆ రోజుల్లో అది నాలుగు మీటర్లు కూడా దాటవచ్చు. మన ఒడ్డున అలవాటైన అంచనా అక్కడ పనికిరాదు. సముద్రం ఎరుగని తెలంగాణ పట్టణాల నుంచి పిల్లాపాపలతో వెళ్లే కుటుంబాలకు ఆ అంచనా కూడా ఉండదు.

పడవ ప్రయాణానిదీ అదే కథ. 2024 డిసెంబరు 18న ముంబయి నుంచి ఎలిఫెంటాకు బయలుదేరిన ఫెర్రీని వేగంగా వచ్చిన మరో బోటు ఢీకొనగా పదిహేను మంది మరణించారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి మింగేసిన పాపికొండల బోటును తెలుగు నేల ఇంకా మరువలేదు. ప్రతి దుర్ఘటన తర్వాత తనిఖీలు, ఆంక్షలు, విచారణలు వరుసకడతాయి. రద్దీ మళ్లీ పెరిగేసరికి లైఫ్‌జాకెట్లు సీటు కిందికి, నిబంధనలు ఫైళ్లలోకి చేరతాయి.

ఉప్పుగాలి నిర్లక్ష్యాన్ని ఎంత కఠినంగా పరీక్షిస్తుందో మాల్వణే చాటింది. అక్కడి రాజ్‌కోట్ కోటలో 2023 డిసెంబరు 4న ఆవిష్కరించిన 35 అడుగుల శివాజీ విగ్రహం 2024 ఆగస్టు 26న కుప్పకూలింది. తొమ్మిది నెలలైనా నిలవలేదు. దాని ఎదుటే సముద్రంలో సింధుదుర్గం మూడున్నర శతాబ్దాలుగా నిలిచి ఉంది. సముద్రాన్ని ఎరిగి కట్టినదానికీ, ఆర్భాటం కోసం కట్టినదానికీ తేడా ఇదే. పర్యాటక ఏర్పాట్లు ఈ రెంటిలో ఏ కోవకు చెందాలో పాలకులు తేల్చుకోవాలి.

జలదుర్గానికి రోజుకు ఎందరిని అనుమతించాలో పురావస్తు, పర్యాటక యంత్రాంగాలు కలిసి నిర్ణయించాలి. ఆనాటి ఆటుపోట్ల వేళలను, ఆఖరి తిరుగుప్రయాణ సమయాన్ని తీరంలోనే పెద్ద అక్షరాలతో పలు భాషల్లో ప్రదర్శించాలి. పోటుకు ముందే కోటను ఖాళీ చేయించే సిబ్బంది ఉండాలి. సామర్థ్యానికి మించి ఒక్కరిని ఎక్కించినా పడవను కదలనీయని అధికారం ఓడరేవు విభాగాలకు ఉంటే చాలదు, దాన్ని రోజూ వాడాలి. స్థానిక పడవవారికి శిక్షణ, బీమా కల్పించడం స్థానిక సంస్థల బాధ్యత. యాత్రలు నడిపే ఏజెన్సీలు ముందు ఆటు వేళ చూసుకొని, ఆ తర్వాతే కార్యక్రమం ఖరారు చేయాలి.

యాత్రికుడి కర్తవ్యం చిన్నదే. లైఫ్‌జాకెట్ కట్టుకోవడం, పడవవాడు వద్దన్నప్పుడు ఆగిపోవడం, నీరు దారిని కప్పకముందే ఒడ్డుకు చేరడం. కోట రేపూ అక్కడే ఉంటుంది. దాన్ని చూడవలసిన మనుషులూ ఉండాలి.